నారాయణపేట జాకెట్ ముక్క మీద మిషన్ ఎంబ్రాయిడరీ

మహబూబ్‌నగర్‌కు వచ్చిన కొత్తలో నారాయణపేట కాటన్ జాకెట్ ముక్క మీద నెమలి కుట్టాను. ఒక్క ఉతుక్కే ముడుచుకుపోయి కోడిలా తయారైంది! తప్పు నాదే, గుడ్డను ముందు తడపలేదు. ఇప్పుడు రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే రింగుకు (గుడ్డను బిగించి పట్టే ఫ్రేముకు) బిగిస్తాను. వేలితో కొడితే డప్పులా మోగాలి కానీ గుడ్డను లాగి సాగదీయకండి. సాగదీస్తే రింగు తీయగానే ముడతలొస్తాయి.

గుడ్డ కింద బక్రం (ఊతానికి వేసే గట్టి పొర) తప్పనిసరి. సూది 75/11 సైజుది చాలు. బాబిన్‌లో (మిషన్ కింది దారం చుట్టే చిన్న చక్రంలో) పైదారం కన్నా సన్న దారం వేయండి.

శాటిన్ కుట్టును (దారాలు పక్కపక్కనే నిండుగా వచ్చే కుట్టును) వెనక్కి తిప్పి చూడండి: నడుమ మూడో వంతు బాబిన్ దారం కనపడాలి. అసలే కనపడకపోతే పైదారం టెన్షన్ (బిగువు) కాస్త పెంచండి. దారం ఊరికే తెగుతుంటే మాత్రం ముందు సూది మార్చి చూడండి. నేను టెన్షన్ తిప్పీ తిప్పీ రెండు రోజులు పాడు చేసుకున్నా.