ఎయిర్ ఫ్రయ్యర్‌లో మెక్సికన్ రుచి కాలీఫ్లవర్: కరకరలాడకపోతే తేడా ఎక్కడ?

ముందు కొలతలు చూసుకుందాం. కింద చెప్పే లెక్కలన్నీ వీటి మీదే ఆధారపడతాయి. అర కిలో కాలీఫ్లవర్ ముక్కలకు ఒక టేబుల్ స్పూన్ నూనె, ఒక టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్, అర టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ చిపోట్లే పొడి (పొగబెట్టిన మెక్సికన్ ఎండుమిర్చి కారం), అర టీస్పూన్ వెల్లుల్లి పొడి, పావు టీస్పూన్ జీలకర్ర పొడి. 200 డిగ్రీల సెల్సియస్‌లో 12 నుంచి 15 నిమిషాలు. తీశాక నిమ్మరసం, పొడిగా రాలే ఉప్పటి చీజ్, కొత్తిమీర.

ఈ వరస మెక్సికో వీధుల్లో అమ్మే ఎలోతే నుంచి వచ్చింది. అక్కడ మొక్కజొన్న కంకి ముందు ఉడుకుతుంది లేదా కాలుతుంది. మయొనైజ్ లేదా క్రెమా (పుల్లటి మెక్సికన్ మీగడ), చీజ్, కారం, నిమ్మరసం అన్నీ ఆ తర్వాతే పడతాయి. ఇంట్లో చేసేటప్పుడు చాలామంది ఈ వరసను తిరగేసి అన్నీ ముందే కలిపేస్తారు. కింద ఉన్న సమస్యల్లో సగం అక్కడే మొదలవుతాయి.

ముక్కలు మెత్తగా, ఉడకబెట్టినట్టు వచ్చాయి

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, కారణాలు కూడా ఒకటి కంటే ఎక్కువ. ఎయిర్ ఫ్రయ్యర్ అంటే పైన హీటర్, దాని దగ్గర ఫ్యాన్ ఉన్న ఒక చిన్న ఓవెన్. ముక్క మీద తడి ఉన్నంతసేపూ ఆ పైపొర వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రగా వేగాలంటే అది సుమారు 140 డిగ్రీలు దాటాలి. అంటే తడి పోయేవరకు మీరు వేయిస్తున్నది లేదు, ఆవిరి మీద ఉడికిస్తున్నారంతే. కాలీఫ్లవర్ బరువులో తొంభై శాతానికి పైగా నీళ్లే. దాని మీద కడిగిన తడి కూడా మిగిలితే ఇక చెప్పక్కర్లేదు.

అసలు కారణం తెలుసుకోవాలంటే ఆరు నిమిషాల దగ్గర ఒకసారి బాస్కెట్ తెరిచి చూడండి.

ముఖానికి ఆవిరి గుప్పుమని కొట్టి, అడుగున నీటి చుక్కలు కనిపిస్తే ముక్కలు తడిగా వెళ్లాయన్నమాట. కడిగాక పొడి బట్ట మీద పరిచి అరగంట ఆరనివ్వాలి. తొందరగా ఉంటే ఒక్కో ముక్కా తుడవాలి, ముఖ్యంగా కాడల సందుల్లో.

పైన ఉన్నవి ఎర్రబడి కిందివి పాలిపోయి ఉంటే బాస్కెట్ కిక్కిరిసింది. గాలి తిరగడానికి చోటు లేదు. ఒకే వరసలో, మధ్యలో కాస్త సందు ఉండేలా పరచండి. అర కిలో పట్టకపోతే రెండు విడతలుగా వేయండి. ఇది ఎవరికీ నచ్చని సలహా అని తెలుసు, కానీ దీనికి అడ్డదారి లేదు. మొదటి విడతను చివర్లో రెండు నిమిషాలు మళ్లీ వేడి చేస్తే సరిపోతుంది.

అన్నీ ఒకే తీరుగా మెత్తగా ఉంటే ఉప్పును అనుమానించండి. ఉప్పు కలిపి పక్కన పెట్టేస్తే ముక్కల్లోని నీరు బయటికి వస్తుంది. ఉప్పు కలిపిన వెంటనే బాస్కెట్‌లో వేసేయాలి. జుకినీ (దోసకాయలా ఉండే ఒక రకం గుమ్మడి జాతి కాయ) విషయంలో మాత్రం ఈ గుణాన్నే వాడుకోవచ్చు. ముక్కలకు ఉప్పు రాసి 20 నిమిషాలు వదిలేసి, ఊరిన నీటిని గట్టిగా తుడిచేసి, ఆ తర్వాత మసాలాలో ఉప్పు మానేయండి.

ఫ్రీజర్‌లోంచి తీసిన కూరగాయలైతే కరిగేదాకా ఆగకండి. కరిగితే నీరు కారుతుంది. గడ్డకట్టినవే నేరుగా 200 డిగ్రీల్లో 5 నిమిషాలు తిప్పి, నీరు ఒంపేసి, అప్పుడు నూనె, మసాలా పట్టించండి.

బయట నల్లబడింది, లోపల గట్టిగానే ఉంది

ముక్క పెద్దదై ఉండాలి. 3 నుంచి 4 సెంటీమీటర్లు దాటనివ్వకండి. అయితే ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ అనుమానించరు: ముందే పిండిన నిమ్మరసం. పులుపు తగిలిన కూరగాయ త్వరగా మెత్తబడదు, లోపలి గోడలను కలిపి ఉంచే పెక్టిన్ పులుపులో నెమ్మదిగా కరుగుతుంది. పైగా అదొక తడి. నిమ్మ వాసన మసాలాలోనే ఉండాలనుకుంటే తొక్క తురుమును నూనెలో కలపండి, రసం మాత్రం చివరికి.

చిలగడదుంప, కాప్సికం, కాలీఫ్లవర్ కలిపి వేస్తే ఏదో ఒకటి పాడవక తప్పదు. చిలగడదుంపను ఐదారు నిమిషాలు ముందు వేయండి, కాప్సికం సగంలో చేర్చండి.

మసాలా మాడి చేదెక్కింది, గదంతా ఘాటు

కారం పొడి, వెల్లుల్లి పొడి కూరగాయ కంటే ముందే మాడతాయి. నూనె అంటని పొడి అయితే ఫ్యాన్ గాలికి లేచి నేరుగా హీటర్ మీద పడుతుంది. ఆ దగ్గు దాని వల్లే. పొడులన్నీ ముందుగా నూనెలో కలిపి ముద్దలా చేసి పట్టించండి. అప్పటికీ నల్లబడుతుంటే సగం మసాలా మొదట, మిగతా సగం ఆఖరి మూడు నిమిషాల్లో వేయండి, లేదా వేడి 190కి తగ్గించండి. చక్కెర కలిసిన రెడీమేడ్ టాకో మసాలా ఇంకా త్వరగా మాడుతుంది, ప్యాకెట్ మీద చదివి చూడండి.

తెల్లటి పిండి మచ్చలు

నూనె అందని చోట కార్న్‌ఫ్లోర్ పచ్చిగానే మిగిలిపోతుంది. ముందు నూనె ముద్ద పట్టించి, ఆపై పిండి చల్లి, గిన్నె మూతపెట్టి కుదపండి. సగం సమయంలో మచ్చలు కనిపిస్తే అక్కడ బ్రష్‌తో నూనె అద్దండి. జారుడు పిండిలో ముంచి వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. అది గట్టిపడే లోపే బాస్కెట్ చిల్లుల్లోంచి కారిపోతుంది.

తీసినప్పుడు బాగున్నాయి, ప్లేటులోకి వచ్చేసరికి మెత్తబడ్డాయి

వేడి ముక్కల్లోంచి ఆవిరి ఇంకా వస్తూనే ఉంటుంది. లోతు గిన్నెలో పోసి మూత పెడితే ఆ ఆవిరి మళ్లీ వాటికే అంటుకుంటుంది. జాలీ మీదో వెడల్పు ప్లేటులోనో ఒక వరసగా రెండు నిమిషాలు ఉంచండి. మయొనైజ్, క్రెమా లాంటివి పైన పోయకుండా అడుగున పూసి, దాని మీద ముక్కలు పేర్చండి, లేదా పక్కన పెట్టండి. నిమ్మరసం తినే ముందు పిండుకోవాలి. అతిథులు ఆలస్యంగా వస్తారంటే అసలు కలపకండి.

చీజ్ సంగతి కూడా ఇక్కడే. మెక్సికోలో దీనికి వాడే కోటిహా, మిచోఆకాన్ రాష్ట్రంలోని కోటిహా పట్టణం పేరు మీద వచ్చిన ఆవుపాల చీజ్. ఉప్పగా ఉంటుంది, కరిగి సాగదు, పొడిగా రాలుతుంది. అది దొరక్కపోతే ఫెటా వాడొచ్చు, కాకపోతే దాని ఉప్పునీటిని టిష్యూతో ఒత్తి తీసేయాలి. మోజరెల్లా వేస్తే సాగే పొర ఒకటి ఏర్పడి కింద ఉన్న కరకరను మింగేస్తుంది.

అంతా కుదిరింది, రుచి మాత్రం మెక్సికన్‌లా లేదు

సాధారణంగా జీలకర్ర ఎక్కువైనందుకే ఇలా అవుతుంది. జీలకర్ర దట్టంగా వేసేది టెక్స్-మెక్స్ వంట, అంటే అమెరికాలోని టెక్సస్‌లో మారిన మెక్సికన్ వంట. మెక్సికన్ వంటలో దాన్ని చిటికెడే వాడతారు, ముందుండేది ఎండుమిర్చి రుచి. చిపోట్లే అంటే పొగబెట్టి ఎండబెట్టిన హలపేన్యో మిర్చి, అందుకే దానికి పొగ వాసన. ఆంచో అంటే ఎండిన పొబ్లానో మిర్చి, కారం తక్కువ, కాస్త తియ్యదనం. రెండూ సగం సగం కలిపితే ఒక్క కారంతో రాని లోతు వస్తుంది. ఇవి లేకపోతే స్మోక్డ్ పాప్రికాలో కొద్దిగా మామూలు కారం కలపండి. ఒరెగానో (వాసన కోసం వేసే ఎండు ఆకు) కూడా వేస్తే, మెక్సికన్‌ది దొరికితే మంచిది. పేరొకటే గానీ మధ్యధరా ఒరెగానో కుటుంబం వేరు, మెక్సికన్ దాని వాసనలో నిమ్మజాతి పోలిక ఉంటుంది.

రుచి చప్పగా అనిపిస్తే ఉప్పు కంటే ముందు నిమ్మరసం పెంచి చూడండి.

చిన్నా చితకా

పొగ వస్తుంటే అడుగు ట్రేలో పాత నూనె ఉందేమో చూసి కడగండి. బేకింగ్ పేపర్ వేస్తే దాని మీద ముక్కల బరువు ఉండాలి. ఖాళీ పేపర్ పెట్టి ప్రీహీట్ చేస్తే అది ఎగిరి హీటర్‌కు అంటుకుని కాలుతుంది. స్వీట్ కార్న్ గింజలు విడిగా వేస్తే పేలి ఎగురుతాయి, వాటిని కంకి ముక్కలుగానే వేయడం నయం. మిగిలిపోయినవాటిని మైక్రోవేవ్‌లో పెట్టకుండా 180 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు తిప్పండి, చీజ్, నిమ్మరసం కలపని వాటినైతే.