కాన్ఫరెన్స్‌లో తొలి ప్రజెంటేషన్: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

కాకుటూరులో, కావలిలో, ఒంగోలులో కెమిస్ట్రీ రీసెర్చ్ చేస్తున్న పిల్లలు తొలి కాన్ఫరెన్స్‌కి వెళ్లొచ్చాక ఎక్కువగా చెప్పే మాట, "ఇంగ్లీషు సరిగా రాక దెబ్బతిన్నాను సార్" అని. ఈ మాట నేను ఒప్పుకోను. స్టేజి మీద కనిపించిన తడబాటుకి అసలు కారణం చాలాసార్లు ఆ స్టేజి మీద ఉండదు. కొన్ని రోజుల ముందే, నిర్వాహకులకి పంపే సారాంశంలోనో (అబ్‌స్ట్రాక్ట్), ల్యాబ్ నోట్‌బుక్‌లోనో, ఫ్లెక్స్ షాపులోనో ఉంటుంది. నెపం ఇంగ్లీషు మీదకి నెట్టేస్తే ఆ కారణం అలాగే ఉండిపోయి, వచ్చే ఏడాది మళ్లీ అదే జరుగుతుంది. అందుకే ఒక్కో సమస్యనీ తీసుకుని, దాని వెనక ఏముందో, ఏం చేస్తే కుదురుతుందో రాస్తున్నాను.

సమస్య: గైడ్ గారు అబ్‌స్ట్రాక్ట్ పంపనివ్వడం లేదు

దీన్ని కోపంగానో చిన్నచూపుగానో తీసుకోకండి. ముందు రెండు కారణాలు చూడండి. మొదటిది పేటెంట్. కొత్త కాంపౌండో కొత్త క్యాటలిస్టో తయారుచేసి దాని వివరం నలుగురిలో చెప్పేస్తే, చట్టం దృష్టిలో అది ఇక కొత్తది కాదు. 1970 నాటి మన పేటెంట్ చట్టంలో 31వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది: కనిపెట్టినవాళ్లే ఒక విద్వత్ సంస్థ ముందు పేపర్ చదివితే, ఆ తర్వాత 12 నెలల్లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. యూరప్ పేటెంట్ కావాలంటే మాత్రం, ముందే పేపర్ చదివేసినవాళ్లకి ఈ వెసులుబాటు లేదు. కాబట్టి ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు ముందు, అబ్‌స్ట్రాక్ట్ తర్వాత. గైడ్ గారిని నేరుగా అడగండి: "మేడమ్, పేటెంట్ ఆలోచన ఉందా? ఉంటే ఏ భాగం వరకు చెప్పొచ్చు?"

రెండోది, ఆ ఫలితం ఒక్కసారే వచ్చి ఉండటం. దీనికి మందు మాటల్లో లేదు. ప్రయోగం ఇంకో రెండుసార్లు చేసి, మూడు రీడింగులూ పక్కపక్కన పెట్టి చూపించండి.

సమస్య: మెయిల్‌లో ఆహ్వానం వచ్చింది, ఫీజు వేలల్లో ఉంది

మీ పేరుకి ముందు డాక్టర్ అనో ప్రొఫెసర్ అనో తగిలించి, మీ సబ్జెక్టుకి సంబంధం లేని అంశం మీద మాట్లాడమంటే అది ఫీజుల వ్యాపారం. ఏ డిపార్ట్‌మెంట్ నడుపుతోంది, పోయినసారి ఎవరు మాట్లాడారు, మీ గైడ్‌కి తెలిసినవాళ్లు ఒక్కరైనా అందులో ఉన్నారా అని చూడండి. లేకపోతే వదిలేయండి.

సమస్య: పోస్టర్ ప్రింట్ అయ్యాక సంఖ్యలూ బొమ్మలూ మారిపోయాయి

దీని గురించి వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో పెద్ద ప్రింటు అంటే ఫ్లెక్స్ షాపే. నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కలైనా, ఒంగోలులో అయినా ఆ షాపులకి వచ్చే పని పుట్టినరోజులు, ఓపెనింగులు, నాయకుల స్వాగతాలు. వాళ్ల పనిలో వాళ్లు గట్టివాళ్లే. కానీ మన ఫైల్లో ఉండే చిక్కులు వాళ్లు రోజూ చూసేవి కావు.

అన్నిటికంటే ప్రమాదమైనది మైక్రో గుర్తు. పాత అలవాటుతో 'సింబల్' అనే ఫాంట్‌లో మ్యూ అక్షరం పెడతాం. షాపు కంప్యూటర్‌లో ఫైల్ తెరిచినప్పుడు ఆ ఫాంట్ పోయి వేరేది పడితే, మ్యూ కాస్తా ఇంగ్లీషు 'ఎమ్' అయిపోతుంది. 10 మైక్రోలీటర్లు 10 మిల్లీలీటర్లుగా అచ్చవుతుంది. వెయ్యి రెట్ల తప్పు, చూడటానికి మాత్రం మామూలు అంకె. అలాగే డెల్టా 'డి' అవుతుంది, లాంబ్డా 'ఎల్' అవుతుంది. పది పైన ఉండాల్సిన మైనస్ ఐదు కిందికి దిగి, పదిలోంచి ఐదు తీసేసినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: గ్రీకు అక్షరాలు యూనికోడ్ ఫాంట్‌లోనే పెట్టండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు అందులోనే పొదిగేలా సెట్టింగ్ పెట్టండి. షాపులో పీడీఎఫ్‌ని కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి వేస్తారు, కాబట్టి ప్రింటుకి ముందు వాళ్ల స్క్రీన్ మీద ప్రతి యూనిట్‌నీ మీరే చదవండి. ఫోన్‌లో ఫైల్ పంపి సాయంత్రం వచ్చి తీసుకుంటాననొద్దు. పక్కన కూర్చోండి.

తర్వాత కొలత. ఏ-జీరో సైజు అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 పొడవు. షాపులో లెక్క చదరపు అడుగుల్లో. అందుకని దాన్ని మూడు బై నాలుగు అడుగులు చేసి, ఖాళీ రాకుండా బొమ్మని అడ్డంగా లాగుతారు. పొడవుతో పోలిస్తే వెడల్పు ఆరు శాతం ఎక్కువై మీ బెంజీన్ రింగులన్నీ బొద్దుగా అవుతాయి. "అన్నా, సాగదీయొద్దు, చుట్టూ తెల్ల మార్జిన్ వదిలెయ్" అని ముందే చెప్పండి. స్క్రీన్ మీద మెరిసే నీలం, ఆకుపచ్చ రంగులు ప్రింటులో మందగిస్తాయి కాబట్టి, రెండు గ్రాఫు గీతలకి రంగొక్కటే తేడాగా పెట్టకుండా ఒకటి చుక్కల గీతగా పెట్టండి. బోర్డు నిలువుదా అడ్డందా అన్నది నిర్వాహకుల సూచనల్లో ఉంటుంది. అది చూడకుండా డిజైన్ మొదలుపెట్టకండి.

ప్రయాణానికి ఒక రోజు ముందు కాదు, మూడు రోజుల ముందు ప్రింటు చేతిలో ఉండాలి. పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లేవాళ్లకి దారిలో సరిచేసుకునే వీలుండదు.

సమస్య: పోస్టర్ దగ్గర ఎవరూ ఆగడం లేదు

కారణం శీర్షికలోనే ఉంటుంది. "ఫలానా లిగాండ్ కాంప్లెక్సుల సంశ్లేషణ, లక్షణ నిర్ధారణ, జీవక్రియాశీలతపై అధ్యయనాలు" అనే ధోరణిలో పెడితే ఏం తేలిందో తెలియదు. తేలిన సంగతినే శీర్షిక చేయండి: ఈ కాపర్ కాంప్లెక్స్ ఆ బాక్టీరియా మీద లిగాండ్ (లోహానికి అతుక్కునే అణువు) ఒక్కదాని కంటే బాగా పనిచేస్తుంది, అంతే. వచ్చినవాళ్లకి మొదటి అర నిమిషంలో మూడు సంగతులు చెప్పండి: ఏ ప్రశ్న, ఏం చేశారు, ఏం వచ్చింది. ఆ తర్వాత ఆపి వాళ్లని మాట్లాడనివ్వండి. ఫోన్ జేబులో ఉండాలి.

సమస్య: బెల్లు కొట్టేసరికి ఇంకా ఇంట్రడక్షన్‌లోనే ఉన్నారు

తాగేనీటిలోని ఫ్లోరైడ్ మీద పనిచేసే మన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకో నాకు అర్థమవుతుంది. కనిగిరి, పామూరు వైపు ఊళ్లలో పళ్లు గారపట్టినవాళ్లని, నడుములు వంగిపోయినవాళ్లని చూసి ఈ పని ఎంచుకున్నారు. ఆ బాధ చెప్పకుండా ఉండలేరు. కానీ పది నిమిషాల టాక్‌లో ఐదు నిమిషాలు దానికే పోతే, ఆ ఊళ్లకి పనికొచ్చే మాట చెప్పే సమయం ఉండదు. ఒక్క స్లైడ్ చాలు: భారత ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీరు లేకపోతే 1.5 దాకా, మా శాంపిల్‌లో ఇంత ఉంది, మేము దీన్ని తగ్గించగలమా అని చూశాం. మూడో నిమిషానికి మీ మొదటి ఫలితం తెర మీద ఉండాలి.

స్లైడ్లు తగ్గించడానికి చాలామంది ఫాంట్ తగ్గిస్తారు. తీసేయాల్సింది సమాచారం. అణువు నిర్మాణం తెలిపే ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్ మొత్తం చూపిస్తే వెనక వరసకి గీతలే కనిపిస్తాయి. మీరు ఆల్డిహైడ్, అమీన్ కలిపి షిఫ్ బేస్ చేశారనుకోండి. 10 పీపీఎమ్ దగ్గర ఆల్డిహైడ్ ప్రోటాన్ పోయి, 8, 8.5 మధ్య ఇమీన్ పీక్ వచ్చిందన్నదే మీ కథ. ఆ రెండు చోట్లే కత్తిరించి పెద్దగా పెట్టి, పక్కన బాణం గుర్తు వేయండి. బాణం ఉంటే చేతిలో లేజర్ వణకడం కూడా ఎవరికీ కనిపించదు. పీపీటీతో పాటు పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫాంట్ల గొడవ అక్కడ కంప్యూటర్‌లోనూ ఉంటుంది.

సమస్య: మొదటి వాక్యం దగ్గరే గొంతు ఆగిపోయింది

మొత్తం టాక్ బట్టీపట్టడమే దీనికి కారణం. ఒక్క మాట జారితే తర్వాతివన్నీ జారిపోతాయి. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మధ్యలో ప్రతి స్లైడ్‌కీ ఒక్క చిన్న వాక్యం రాసుకుని, మిగతాది బొమ్మ చూసి చెప్పండి. ముందు తెలుగులో మీ రూమ్మేట్‌కి వివరించండి. తెలుగులో ధారాళంగా చెప్పలేని చోట మీకు విషయమే పూర్తిగా పట్టుబడలేదని అర్థం, అక్కడ గ్రామర్ పుస్తకం సాయం చేయదు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది ఇంకా గట్టిగా చెబుతున్నాను. చిన్న వాక్యాల్లో చెప్పిన స్పష్టమైన కెమిస్ట్రీని ఎవరూ తక్కువగా చూడరు.

సమస్య: ప్రశ్న అడగ్గానే నోట మాట రాలేదు

టెన్షన్ ఎక్కువ పెట్టేది ఇదే, ముందుగా సిద్ధం కాగలిగేదీ ఇదే. సీనియర్లు అడిగేవి తిప్పి తిప్పి అవే ఉంటాయి: కంట్రోల్ (పోల్చి చూడటానికి పెట్టే ప్రయోగం) ఏది, ఎన్నిసార్లు చేశారు, అసలైన నీటితో చేశారా.

ఆకుల రసంతో వెండి నానోకణాలు చేశారా? రసం లేకుండా వెండి నైట్రేట్ ఒక్కటే, వెండి లేకుండా రసం ఒక్కటే పెట్టి చూశారా అని అడుగుతారు. రొయ్యల చెరువు నీటిలో సీఓడీ (కెమికల్ ఆక్సిజన్ డిమాండ్) కొలిచారా? ఉప్పునీటిలోని క్లోరైడ్ ఆ పరీక్షలో వాడే డైక్రోమేట్‌ని తినేసి రీడింగ్ పెంచుతుంది. దాన్ని అడ్డుకునే మెర్క్యురిక్ సల్ఫేట్ ఎంత కలిపారు, ఆ క్లోరైడ్‌కి అది సరిపోయిందా అంటారు.

ఫ్లోరైడ్‌కి అయితే ప్రశ్నల వరసే ఉంది. సోడియం ఫ్లోరైడ్ డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చేసిన ప్రయోగం బోరు నీటికి చెల్లదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భ జలాల్లో సాధారణంగా బైకార్బొనేట్ కూడా ఎక్కువ ఉంటుంది, పీహెచ్ పెరిగి ఉంటుంది, ఫ్లోరైడ్‌ని పీల్చే మీ పదార్థం పట్టు అక్కడ తగ్గొచ్చు. అల్యూమినా మీద పనిచేస్తే ఇంకో చిక్కు: కరిగిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, అలా పట్టుబడిన ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌కి కనపడదు, తీసేశామని మనం సంతోషిస్తాం. ఆ పట్టు విడిపించే టిసాబ్ బఫర్ కలిపి కొలిచారా, నీటిలో అల్యూమినియం ఎంత మిగిలింది అని అడుగుతారు. అల్యూమినియానికి ప్రమాణం లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, తప్పనిసరైతే 0.2. నీటిలో ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్‌లో అల్యూమినియం ఉన్న పటిక వాడతారు కాబట్టి దాని మీదా ఇదే ప్రశ్న వస్తుంది.

ఇక కైనెటిక్స్, అంటే పదార్థం ఎంత వేగంగా పట్టుకుంటుందన్న లెక్క. "సూడో సెకండ్ ఆర్డర్‌కి ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది, అందుకే ఇది కెమిసార్ప్షన్" అనే వాక్యం మీ స్లైడ్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి. ఆ సూడో సెకండ్ ఆర్డర్ సమీకరణానికి గీసే గ్రాఫులో కాలం రెండు అక్షాల మీదా ఉంటుంది. సమతాస్థితి చేరాక తీసిన పాయింట్లే ఎక్కువైతే, ఏ పదార్థానికైనా సరళరేఖే వస్తుంది. తొలి నిమిషాల్లో ఎక్కువ శాంపిళ్లు తీసి, నాన్‌లీనియర్ ఫిట్ చేయండి. కెమిసార్ప్షన్ అంటే రసాయన బంధంతో పట్టుకోవడం, ఆ బంధం గురించి చెప్పాలంటే స్పెక్ట్రమ్ ఆధారం చూపించండి.

ఈ జవాబులన్నీ 'థాంక్యూ' స్లైడ్ తర్వాత అదనపు స్లైడ్లుగా పెట్టుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే "కుడ్ యు ప్లీజ్ రిపీట్ ద క్వశ్చన్, సార్" అనడంలో నామోషీ లేదు. అర్థమైతే మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి, ఆలోచించడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి. చేయని ప్రయోగాన్ని చేయలేదనే చెప్పండి, ఇలా చేయవచ్చని ఒక్క వాక్యం కలపండి. ఊహించి చెప్పిన జవాబు హాల్లో దొరికిపోతుంది, పైగా అది మీ గైడ్ పేరు మీదకీ వస్తుంది.

గట్టిగా అడిగినవాళ్లని టీ టైమ్‌లో వెతికి పట్టుకోండి. వాళ్లే మీ స్లైడ్లు శ్రద్ధగా చూసినవాళ్లు. నోట్‌బుక్ తెరిచి "సార్, మీరైతే ఏ కంట్రోల్ పెడతారు?" అని అడిగి, చెప్పింది అక్కడే రాసుకోండి, మెయిల్ ఐడీ తీసుకోండి. ఊరు చేరిన రెండు రోజుల్లో ఆ ప్రయోగం ఎప్పుడు చేస్తున్నారో రాసి, అడిగిన గ్రాఫు జతచేసి పంపండి.