బరువు తగ్గే ఆపరేషన్: ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు

ముందు ఇది తేల్చుకోండి: ఎవరికి తెలియకపోతే మీకు ప్రమాదం? ఇంట్లో వంట చేసేవాళ్లకు, ఆస్పత్రిలో తోడుండేవాళ్లకు చెప్పి తీరాలి, ఎందుకంటే మొదటి రెండు వారాలు దాదాపు ద్రవాలే, ఆ తర్వాత కూడా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పంటి డాక్టర్‌తో సహా ఏ డాక్టర్ దగ్గరా దాచొద్దు. హన్మకొండలో మందుల షాపుకెళ్లి నొప్పి మాత్ర అడిగేటప్పుడు కూడా చెప్పండి. ముఖ్యంగా బైపాస్ (గుండెది కాదు, కడుపును చిన్నది చేసి పేగుకు కలిపే బరువు ఆపరేషన్) అయినవాళ్లకు ఇబుప్రోఫెన్ లాంటి వాటితో లోపల పుండ్లు పడే ముప్పు ఉంది. పెళ్లి కుదిరితే అవతలివాళ్లకు ముందే చెప్పడం న్యాయం, ఆడవాళ్లను ఆపరేషన్ తర్వాత గర్భానికి 12 నుంచి 18 నెలలు ఆగమంటారు కదా.

మిగతావాళ్లకు చెప్పడం మీ ఇష్టం, తొందరేం లేదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద చేతిలో పెట్టి "గింత చిక్కిపోయినవేంది బిడ్డా?" అని పెద్దమ్మ అడుగుతుంది. "డాక్టర్ కొంచెం కొంచెమే తినమన్నడు పెద్దమ్మా" అంటే అబద్ధం కాదు, అంతటితో ఆగొచ్చు. కానీ వాకింగ్‌తోనే తగ్గానని మాత్రం దయచేసి అనకండి, బరువుతో బాధపడే ఇంకొకరు అది నమ్మి తమనే తిట్టుకుంటారు. ఇక మేడారం బెల్లం ప్రసాదం, బైపాస్ అయితే చిటికెడు చాలు. ఎక్కువైతే గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు, అందుకే జాతరకు వెంట వచ్చేవాళ్లలో ఒక్కరికైనా విషయం చెప్పి బయల్దేరండి.