కోత నుంచి గంప దాకా - 4వ పాఠం: కడిగే తొట్టి

పచ్చి పేడ వేసిన తేదీ రాసి పెట్టుకోమని పోయిన పాఠంలో చెప్పాను. రాశారా? తినే భాగం నేలకు తగిలే పంటైతే ఆ తేదీకీ కోతకీ మధ్య 120 రోజులు, తగలనిదైతే 90 రోజులు ఉండాలన్నది అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లోని గడువు. ఆ కాగితం దాచుకోండి, ఆరో పాఠంలో మళ్లీ పనికొస్తుంది.

ఇక కడగడం. నేను చాలాకాలం పొద్దుట నింపిన తొట్టిలోనే మధ్యాహ్నం దాకా టమాటాలు ముంచి తీసేవాణ్ణి. నిగనిగలాడుతుంటే మురిసిపోయేవాణ్ణి కూడా. ఆ తొట్టిలో రెట్ట అంటిన కాయ ఒక్కటి పడితే చాలు, దాని క్రిములు నీళ్లలో కలిసి వెనకొచ్చే కాయలన్నిటికీ అంటుకుంటాయి. కాబట్టి రెట్ట కనిపించిన కాయను కోయకండి, చెట్టునే వదిలేయండి. ప్రాణం ఒప్పదు, తెలుసు.

అంతకన్నా గడుసు సంగతి ఇంకొకటుంది. ఇది చేసి చూడాల్సిందే. తొడిమ ఊడిన టమాటాలు రెండు మూడు తీసుకుని గంటసేపు ఎండలో పెట్టండి. గిన్నెడు చల్లటి నీళ్లలో మిఠాయి రంగు చిక్కగా కలిపి, వేడిగా ఉన్న కాయల్ని అందులో పూర్తిగా ముంచి, పైకి తేలకుండా పళ్లెం బోర్లించండి. పావుగంట తర్వాత తీసి, తుడిచి, తొడిమ గుంట మీదుగా నిలువునా కోయండి. అన్నిట్లో కాకపోయినా ఏదో ఒక కాయలో గుంట కింద రంగు చార దిగి కనిపిస్తుంది. కాయ చల్లబడేసరికి లోపలి గాలి ముడుచుకుని నీళ్లను పీల్చుకుంటుంది. రంగు దూరిన దారిలోనే సాల్మొనెల్లా, అంటే విరేచనాలు, జ్వరం తెచ్చే క్రిమి కూడా దూరుతుంది. లోపలికి వెళ్లాక ఎన్నిసార్లు కడిగినా రాదు. అందుకే ఎండలో కోసిన కాయను ముందు నీడలో చల్లారనివ్వాలి. తొట్టి నీళ్లు కాయ లోపలి వేడి కన్నా 5 డిగ్రీలకు మించి చల్లగా ఉండకూడదు.

నీళ్లు తాగడానికి పనికొచ్చేవై ఉండాలి. పరీక్ష చేయిస్తే 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై, అంటే పేడలో, మలంలో ఉండే క్రిమి ఒక్కటి కూడా తేలకూడదు. చెరువు, కాలువ నీళ్లు ఎంత తేటగా ఉన్నా కోత తర్వాత వాడొద్దు. బ్లీచ్, అంటే క్రిముల్ని చంపే క్లోరిన్ ద్రావణం కలపాలంటే కూరగాయలకు వాడొచ్చని డబ్బా మీద రాసి ఉండాలి, వాసన కలిపినది పనికిరాదు. 5 శాతం ద్రావణమైతే 10 లీటర్లకు 20 మిల్లీలీటర్లు. ఆ తర్వాత మంచినీళ్లతో ఒకసారి తొలవాలి. బ్లీచ్‌లో ఆమ్లమేదీ పోయకండి, విషవాయువు పుడుతుంది. పైగా మట్టి చేరేకొద్దీ క్లోరిన్ ఖర్చయిపోతుంది. అది తొట్టి నీళ్లను కాపాడుతుందే తప్ప మురికి కాయను మంచి కాయ చేయదు.

ఉల్లిపాయలు, స్ట్రాబెర్రీలు అసలు కడగకండి. తడి తగిలితే కుళ్లుతాయి.

ఈ వారం పని: కడిగే రోజున ప్రతి ఐదు గంపలకోసారి తొట్టి నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి, వెనక అచ్చు కాగితం పెట్టి చూడండి. ఎన్నో గంపకి అక్షరాలు మసకబారాయో రాసుకోండి. ఇది క్రిముల పరీక్ష కాదు, నీళ్లు పారబోయాల్సిన వేళ గుర్తుపట్టడానికే. ఆ అంకెకు రెండు గంపలు ముందే తొట్టి ఖాళీ చేయండి.

వచ్చే పాఠం గంపల గురించి.