టాప్ లిస్టులు చూసి పాటలు వినేవాళ్లకి చిన్న చిట్కా

పాత ఇంగ్లీష్ ఆల్బమ్స్ విందాం అనుకుని ఏదో ఒక టాప్ లిస్టు పట్టుకుని ఒకటో నంబర్ నుంచి వరసగా మొదలుపెడతారు చూడండి, అది మాత్రం చేయొద్దు, నేను అలాగే మొదలెట్టి పదిహేను దాటకుండానే మానేశా.

అసలు ఆ నంబర్లు అంత గట్టివేం కాదు. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వేసిన 500 ఆల్బమ్స్ లిస్టులో బీటిల్స్ వాళ్ల సార్జెంట్ పెప్పర్స్ ఫస్టు. 2020లో మళ్లీ కొత్తగా ఓట్లు వేయిస్తే అది 24కి జారింది, 1971లో వచ్చిన సింగర్ మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' ఫస్టుకొచ్చి కూర్చుంది. రెండిట్లో ఒక్క స్వరం కూడా మారలేదు, ఓటేసినవాళ్లు మారారంతే.

అందుకని మీకు బాగా తెలిసిన మూడు ఆల్బమ్స్ తీసుకుని వాటి మీద ఒక క్రిటిక్ ఏం రాశాడో ముందు అది చదవండి. ఎన్ని స్టార్లు ఇచ్చాడన్నది వదిలేయండి. "మనసుని కదిలించే సంగీతం" టైపు రాతలైతే పక్కన పడేయొచ్చు, అదే మార్విన్ గే గొంతుని రెండుసార్లు రికార్డ్ చేసి ఒకదాని మీద ఒకటి వేశారు, కింద జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్ గిటార్ మీద చెవి పెట్టండి, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ లేకుండా ఎలా కలిపారో చూడండి అని చెప్పేవాడు దొరికితే వదలొద్దు. ఆయన టేస్టు మనకి పూర్తి ఆపోజిట్ అయినా పర్లేదు. నాకు అలాంటాయన ఒకడున్నాడు, సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) ఎక్కువైందని తిట్టాడంటే నేను ఆ రోజే వినేస్తా. అన్నట్టు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ వినపడి చావదు.