హాట్ యోగా మొదలుపెట్టేవారికి: ఒంటికి, మనసుకు ఏమవుతుంది, ఎక్కడ ఆగాలి

వేడిచేసిన గదిలో చేసే యోగాకు హాట్ యోగా అని పేరు. ఆ పేరుతో ఇప్పుడు చాలా రకాలు నడుస్తున్నాయి. వాటిలో కఠినమైనది కలకత్తాలో పుట్టిన బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి. అందులో 26 ఆసనాలు, రెండు శ్వాస అభ్యాసాలు ఉంటాయి. 90 నిమిషాల పాటు 40.5 డిగ్రీల సెల్సియస్ వేడిలో, 40 శాతం తేమలో చేయాలి. మిగతా చోట్ల వేడి 32 నుంచి 38 డిగ్రీల దాకా ఉంటుంది, తరగతి గంటలో ముగుస్తుంది. చేరేముందు వేడి ఎంత, తేమ ఎంత అని అడగండి. తేమ సంగతి చెప్పలేని చోట మొదటి తరగతి తీసుకోకపోవడమే మంచిది.

మన చర్మం వేడి 35 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. గది అంతకంటే వేడిగా ఉంటే గాలి ఒంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. ఆరకుండా కారిపోయే చెమటతో చల్లదనం రాదు. రామగుండం పొడి ఎండకీ విజయవాడ ఉక్కపోతకీ తేడా తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే సమయంలో కండరాలకీ రక్తం కావాలి. రెండింటికీ సరిపెట్టడానికి గుండె వేగం పెంచుతుంది. ఈ గదిలో కనిపించే లక్షణాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి.

తరగతికి రెండు మూడు గంటల ముందు తేలికగా తినండి. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో చాలు. రెండు గంటల ముందు 400 నుంచి 500 మిల్లీలీటర్ల నీళ్లు తాగండి. తరగతి మధ్యలో ఒక్కసారే గటగటా తాగితే కడుపులో నీళ్లు కదిలి వికారం వస్తుంది. పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి. మ్యాట్ మీద పూర్తిగా పరుచుకునేలా ఒక తువ్వాలు, ముఖానికి ఇంకొకటి ఉండాలి. తువ్వాలు లేకపోతే, కాళ్లు ఎడంగా పెట్టి పక్కకు వంగే త్రికోణాసనంలో పాదం జారుతుంది. చోటు తలుపు దగ్గర, వెనక వరసలో చూసుకోండి, హీటర్ గాలి నేరుగా తగలకూడదు.

కళ్లు తిరగడం

చాలామందికి ఎదురయ్యేది ఇదే. నిలబడి ముందుకు వంగి పాదాలు అందుకునే పాదహస్తాసనం నుంచి లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్ముతాయి. చర్మంలో రక్తనాళాలు వ్యాకోచించి ఉండగా ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగుతుంది, తలకు క్షణకాలం తక్కువ పడుతుంది. లేచేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచండి. పిక్కలు, పిరుదులు బిగించి, నాలుగైదు లెక్కపెట్టేంత సేపు తీసుకుని లేవండి. తల అన్నిటికంటే చివర పైకి రావాలి. అయినా చూపు మసకబారితే ఆసనం సంగతి వదిలేసి వెంటనే కూర్చోండి, లేదా పడుకుని కాళ్లు ఎత్తండి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి నేల దగ్గర వేడి కాస్త తక్కువగానూ ఉంటుంది. ఆ స్థితిలో లేచి తలుపు వైపు పరిగెత్తకండి, దారిలోనే పడిపోవచ్చు. ముందు కూర్చుని, చూపు తేటపడ్డాక నడవండి. తరగతి అయ్యాక కూడా ఐదు పది నిమిషాలు కూర్చున్నాకే స్నానానికి వెళ్లండి. వెంటనే వేడినీళ్లతో నిలబడి స్నానం చేస్తే సొమ్మసిల్లే అవకాశం ఎక్కువ.

వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిర్లు పాకితే మీరు అవసరానికి మించి వేగంగా ఊపిరి తీస్తున్నారన్నమాట. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం వల్ల అలా అవుతుంది. ముక్కుతో నాలుగు లెక్క లోపలికి, ఆరు లెక్క బయటికి వదలండి. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది.

వేడి వల్ల జరిగే మరో నష్టం అప్పటికప్పుడు తెలియదు. ఒళ్లు మామూలుకంటే ఎక్కువ వంగుతుంది, నొప్పి కూడా తక్కువగా అనిపిస్తుంది. దాంతో వంగగలిగినంతా వంగేస్తారు. మర్నాడు కూర్చుంటే పిరుదు కింద ఎముక దగ్గర ఒకేచోట సూది గుచ్చినట్టు ఉంటుంది. తొడ వెనక కండరం ఎముకకు అతుక్కునే చోటు అది. అక్కడ దెబ్బతింటే తగ్గడానికి నెలలు పట్టవచ్చు. వంగగలిగినంతలో ఎనభై శాతం దగ్గర ఆగండి. కండరం మధ్యలో లాగితే ఫరవాలేదు, కీలు దగ్గర లాగితే వెనక్కి రండి.

దడ, చిరాకు, ఏడుపు

గదిలో ఇరవై ముప్పై నిమిషాలయ్యేసరికి చాలామందికి పారిపోవాలనిపిస్తుంది. టీచర్ గొంతు విన్నా, పక్కవాళ్ల ఊపిరి విన్నా, అద్దంలో తమను తాము చూసుకున్నా చిరాకే. గుండె దడదడలాడడం, ఊపిరాడనట్టు ఉండడం, చెమటలు పట్టడం భయం వేసినప్పుడు కూడా ఉండేవే. వేడి వల్ల వచ్చిన దడను మనసు భయమని పొరబడుతుంది. అప్పుడు మ్యాట్ మీద కూర్చుని నేల మీద ఒకేచోట చూపు నిలిపి, ఊపిరి వదలడాన్ని పొడిగించండి. "ఇది వేడి వల్ల" అని మనసులో అనుకోండి. ఐదు నిమిషాల్లో దడ దిగితే మళ్లీ లేవచ్చు, దిగకపోతే బయటికి వెళ్లండి.

మోకాళ్ల మీద నిలిచి వెనక్కి వంగే ఉష్ట్రాసనంలో వికారం, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఏడుపు రావడం తరచుగా జరుగుతాయి. తుంటి దగ్గరో ఛాతీలోనో పాత బాధలు దాగి ఉంటాయని, ఆసనంతో అవి బయటపడతాయని చెబుతుంటారు. దానికి గట్టి ఆధారం లేదు. తరగతి చివరి భాగంలో అలసిన ఒంటితో, తల వెనక్కి వాల్చి, ఊపిరి బిగబట్టి, గుండె వేగంగా కొట్టుకుంటుండగా చేసే ఆసనం అది. అంత ఒత్తిడిలో కన్నీళ్లు రావడం వింత కాదు, తప్పూ కాదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. మొదట్లో చేతులు నడుము వెనకే ఉంచి, చూపు పైకి కాక ఎదురుగా పెట్టి, ఛాతీని మాత్రం ఎత్తండి. ఏడుపు తరగతి తర్వాతా ఆగకపోతే, ప్రతిసారీ పాత భయాలను తెస్తుంటే ఆ ఆసనం మానేసి మానసిక నిపుణులతో మాట్లాడండి.

అయిపోయాక ఒళ్లు తేలికపడి హాయిగా అనిపిస్తుంది, ఒక్కోసారి నిద్ర ముంచుకొస్తుంది. ఆ మత్తులో బండి నడపకండి.

నీళ్లు, ఉప్పు

ఒక్క తరగతిలో లీటరు, లీటరున్నర చెమట పోవచ్చు. వెళ్లేముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గితే పోయింది దాదాపు లీటరు నీరే, కొవ్వు కాదు. ఆ లోటుకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తాగండి. మొత్తం మంచినీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మనీళ్లు మేలు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువే కానీ సోడియం తక్కువ, అవి ఒక్కటే సరిపోవు. పిక్కలు పట్టేసినా, సాయంత్రం తలనొప్పి వచ్చినా ముందు నీళ్లు, ఉప్పు సంగతి చూసుకోండి.

చెమటతో విషాలు పోతాయన్న మాట నమ్మకండి. పోయేది నీరూ ఉప్పే, విషాల పని కాలేయం, మూత్రపిండాలది. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 వారాల పాటు బిక్రమ్ పద్ధతి ఆసనాలను వేడిలో చేసినవారికీ, 23 డిగ్రీల గదిలో చేసినవారికీ రక్తనాళాల పనితీరు ఒకేలా మెరుగుపడింది. కాబట్టి వేడి పడకపోతే మామూలు గదిలో చేసుకోండి, ఆ విషయంలో మీరు పోగొట్టుకునేదేమీ లేదు.

గది వదలాల్సినప్పుడు

మధ్యలో బయటికి వెళ్లకూడదని కొన్ని చోట్ల నియమం పెడతారు. వేడిలో వణుకు, రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతి, తట్టుకోలేని తలనొప్పి, ఛాతీ నొప్పి, మాట తడబడడం, అడుగు తూలడం, ఎక్కడున్నామో తెలియకపోవడం: వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఆ నియమానికి విలువ ఇవ్వకండి. చివరి మూడూ వడదెబ్బ గుర్తులు కావచ్చు. చెమట పడుతోంది కదా అన్న ధీమా వద్దు, వ్యాయామం వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. మనిషిని చల్లటి చోటికి తెచ్చి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ గాలి విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. మన దగ్గరైతే 108కి, అమెరికాలో 911కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు, గతంలో వడదెబ్బ తగిలినవారు, జ్వరంతో ఉన్నవారు ఈ గదికి దూరంగా ఉండాలి. బీపీ మందులు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా వెళ్లొద్దు.

ఒళ్లు వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి తరగతిలో సగం ఆసనాలు చేసి, మిగతా సేపు కూర్చోండి. ఒకరోజు విడిచి ఒకరోజు వెళ్తే రెండో వారానికి చెమట ముందుగానే మొదలవుతుంది, గుండె దడ తగ్గుతుంది. మూడు నాలుగు వారాలు మానేస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది, అప్పుడు మళ్లీ సగం తరగతితోనే మొదలుపెట్టండి.