చెన్నైలో సమ్మె నోటీసు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

అంబత్తూరులోనో శ్రీపెరుంబుదూరులోనో పనిచేసే తెలుగు కార్మికులు ముందుగా తమ సంఘానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోవాలి. 1918లో పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్‌పై బిన్నీ బట్టల మిల్లు యాజమాన్యం కోర్టుకెక్కినప్పుడు సంఘాలకు చట్టరక్షణ లేదు. 1926 నాటి కార్మిక సంఘాల చట్టానికి ఆ వివాదమే దారితీసింది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. రిజిస్ట్రేషన్ దరఖాస్తుపై కనీసం 7గురు సభ్యులు సంతకం చేయాలి. పైగా సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, వీటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలి.

సమ్మె నోటీసును రాతపూర్వకంగా యాజమాన్యానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవడం మంచిది. నోటీసు ఇచ్చాక 14 రోజులు గడవాలి, కానీ 60 రోజులు దాటకూడదు. నోటీసులో రాసిన తేదీకి ముందు పని ఆపకూడదు. అంతటితో అయిపోదు. నోటీసు వెళ్లాక రాజీ అధికారి, అంటే ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, చర్చలకు పిలుస్తారు. తొలి సమావేశం జరిగిన రోజు మొదలు, ఆ చర్చలు ముగిశాక మరో 7 రోజుల వరకు సమ్మె చట్టవిరుద్ధమే. సమ్మె హక్కును ఈ నిబంధన బాగా ఇరుకున పెట్టిందనే చెప్పాలి.

చాలామంది పప్పులో కాలేసేది మూకుమ్మడి సెలవు దగ్గర: సగం మంది, లేదా అంతకు మించి, ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.